హుస్సేన్‌బీ వెనక సీటు

న్యూజిలాండ్‌లోని పాపకూరలో మన తెలుగువాళ్ళు చాంద్ బాషాను చాటుగా ‘ఊబర్ మామ’ అని నవ్వుకునేవాళ్ళు. ఆయన కారు నడుపుతుంటే భార్య హుస్సేన్‌బీ ఒక్కనాడూ ముందు సీట్లో కూర్చోలేదు మరి. శాండ్రింగ్‌హామ్ ఇండియా కొట్లలో పప్పూ ఉప్పూ కొనడానికి పోయినా, మసీదుకు పోయినా ఆమె చోటు వెనకే, ఎడమ కిటికీ పక్కన. ముందు సీటు ఖాళీగా ఊరేగుతుండేది.

నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. ఆ అలవాటు వెనక ఇరవై ఒక్క ఏళ్ళ కూడు ఉంది. చాంద్ బాషాది రాయచోటి. రియాద్‌లో ఒక పెద్దింట్లో హౌస్ డ్రైవరుగా చేశాడు. అప్పట్లో ఆ దేశంలో ఆడవాళ్ళు బండి నడపకూడదు. అందుకే అక్కడ ఇంటికో డ్రైవరు కావాల్సి వచ్చింది, అందుకే రాయచోటిలో ఇంటికో మగవాడు విమానమెక్కాడు. ఇంటి ఆడవాళ్ళు వెనకే కూర్చోవాలి. ముందుకొచ్చి కూర్చున్నారని యజమానికి తెలిస్తే డ్రైవరు కొలువు ఊడినట్టే. ఆ ఇంటి చిన్నపిల్లను బళ్ళో వేసిన రోజు నుంచి కాలేజీ దాకా ఆయనే తిప్పాడు. 2018లో చట్టం మారింది. ఆ పిల్లే లైసెన్సు తెచ్చుకుని తాళంచెవి ఇమ్మని చెయ్యి చాపింది. నెల తిరక్కుండా చాంద్ బాషా పెట్టె సర్దుకున్నాడు.

అప్పటి నుంచి ఆడమనిషి స్టీరింగ్ పట్టిందంటే తన నోటి దగ్గర కూడు లాగేసినట్టే ఉండేది ఆయనకు. దీన్ని మతం మీదికి నెట్టకండి. పాపకూర మసీదుకు వచ్చే ఆడవాళ్ళలో సగంమంది తమ కార్లు తామే నడుపుకుంటూ వస్తారు. రాయచోటిలో హుస్సేన్‌బీ చెల్లెలి కూతురు బురఖా వేసుకునే స్కూటీ మీద తిరుగుతుంది. ఇది ఉత్త మొండితనం. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

కూతురు రేష్మా పిలిపించుకుంటే భార్యాభర్తలు న్యూజిలాండ్ వచ్చారు. రెండేళ్ళకు అల్లుడి ఉద్యోగం బ్రిస్బేన్‌కు మారి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇక్కడ వీళ్ళిద్దరూ, ఒక కారూ మిగిలారు. ఆ పైన చాంద్ బాషా షుగరు కళ్ళకెక్కింది. నెలనెలా సిటీకి వచ్చి కంట్లో ఇంజెక్షన్ చేయించుకోకపోతే చూపు నిలవదనీ, ఇక బండి ముట్టుకోవద్దనీ కంటి డాక్టరు గట్టిగా చెప్పింది.

ఒకసారి రైల్లో వెళ్ళాడు. స్టేషన్లో మెట్టు కనిపించక మోకాలు చెక్కుకుపోయింది. ఇక రైలు వద్దన్నాడు. పక్కింటి గిరిధర్ నేను తీసుకెళ్తా బాబాయ్ అంటే, “ఇరవై ఏండ్లు జనాన్ని తిప్పినోణ్ణి నేను. నన్నొకడు తిప్పేదా?” అని ముఖం తిప్పుకున్నాడు.

హుస్సేన్‌బీ బుర్రలో ఒకే ఒక్క లెక్క తిరిగింది. కారు ఉంది, నడిపే మనిషి లేదు. ఆ మనిషి తనే అయితే ఆయన కళ్ళు నిలబడతాయి.

గిరిధర్ భార్య విజయ గుంటూరు పిల్ల, ముసలివాళ్ళ హోమ్‌లో పని. డ్యూటీ లేని పొద్దుల్లో నేర్పుతానంది. బట్టలు కుట్టడానికి పోతున్నానని మొగుడికి చెప్పి హుస్సేన్‌బీ బయల్దేరింది. మొదటి రోజు విజయ వాళ్ళ కారు దగ్గరికొచ్చి, వెనక తలుపు తీసుకుని ఎక్కి బుద్ధిగా కూర్చుంది.

“అక్కా, నడపాలంటే ఇక్కడ కూర్చోవాలమ్మా!” అని విజయ పడీ పడీ నవ్వింది. హుస్సేన్‌బీ కూడా నవ్వింది, తర్వాత ఏడ్చింది. యాభై రెండేళ్ళ మనిషి, రోడ్డంటే పక్క నుంచి జారిపోయేదే అనుకుంది ఇన్నాళ్ళూ. అది ఎదురొస్తుందని అప్పుడే తెలిసింది.

లెర్నర్ లైసెన్సుతో ఏడు నెలలు నేర్చుకుంది. ఆ నెలల్లో ఆయన ఇంజెక్షన్లకు పోనేలేదు. మొదటి టెస్టు తప్పింది, రెండోది నెగ్గింది. అప్పుడిచ్చే కార్డును రెస్ట్రిక్టెడ్ లైసెన్సంటారు. విజయ రూలు చదివి చెప్పింది: “పగలు ఒక్కదానివే నడపొచ్చక్కా. ఫుల్ లైసెన్సు ఉన్నవాళ్ళు పక్కన లేకుండా ఎవరినైనా ఎక్కించుకోవాలంటే మాత్రం మొగుడో, తల్లిదండ్రులో, అలా సొంతవాళ్ళే అయ్యుండాలి.”

“నాకీడ ఉండే సొంతవాడు ఆయనొక్కడే గదా,” అంది హుస్సేన్‌బీ సంబరంగా. ఆ పిచ్చితల్లి సంబరం గంటసేపు కూడా నిలవలేదు.

కార్డు తీసుకెళ్ళి చూపించింది. ఆయన దాన్ని ముక్కుకు ఆనించుకుని ఫోటో పోల్చుకున్నాడు. అరవలేదు, కొట్టలేదు. కార్డు తిరిగి ఆమె ఒళ్ళో పెట్టాడు.

“నువ్వు నడిపే బండి నా శవం ఎక్కాల్సిందే గానీ నేనెక్కను.”

“నీ కండ్లు పోతాయి రేష్మా నాయనా!”

“పోనీ.”

బతిమాలింది. తిండి మానేసింది. రేష్మా ఫోన్లో ఏడ్చింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడు ఆయన. ఒక నెల పోయింది, రెండో నెలా పోయింది. మూడో నెలలో ఒకరోజు హుస్సేన్‌బీ టీ తెచ్చి పెట్టింది. ఆయన చెయ్యి గ్లాసు కోసం బల్లంతా తడుముతోంది.

“ఇంకా తెల్లారలేదా?” అని అడిగాడు. టైము పది దాటింది.

అప్పుడు దిగొచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. రోగుల్ని ఇంటి నుంచి తీసుకెళ్ళే ఆసుపత్రి వాళ్ళ షటిల్ బండి ఉంటుందని విజయ చెప్తే సరేనన్నాడు. షటిల్ కోసం ఫోన్ చేస్తే ఆ వారం ఖాళీ లేదన్నారు. వారం ఆగే కన్నేనా అది? ఇద్దరు ఆడవాళ్ళూ కళ్ళతోనే మాట్లాడుకున్నారు.

మర్నాడు విజయ ఆయన చెయ్యి పట్టుకుని వాళ్ళ సొంత కారు వెనక సీట్లో కూర్చోబెట్టింది. ఎడమ కిటికీ పక్కన, హుస్సేన్‌బీ చోటులోనే. ఇదే షటిలనీ, ఇందులో తోడుగా ఒక్కరినే రానిస్తారనీ, డ్రైవరు తెల్లాయన, మాట్లాడడనీ చెప్పి తను ముందు కూర్చుంది. హుస్సేన్‌బీ గుమ్మంలోనే ఉండి “జాగర్త” అని కేకేసి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు లేకుండా వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది.

“సలామ్ భాయ్,” అన్నాడు చాంద్ బాషా. హుస్సేన్‌బీ తాళం తిప్పింది.

మోటర్‌వే ఎక్కాక ఆయనకు హుషారొచ్చింది. “చూస్తివా విజయమ్మా, ఆ నడక! బ్రేకు మీద కాలు పడేది కూడా తెలీడంల్యా. ఈయప్ప పని నేర్చినోడు. మా గల్ఫు రకం.” హుస్సేన్‌బీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్టీరింగ్ వదల్లేదు. మొగుడి నోట తన గురించి అంత మంచిమాట ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె వినలేదు.

క్లినిక్ లోపలికి ఆమె పోలేదు. పోతే ఎలా వచ్చావంటాడు. కార్లోనే కూర్చుంది. గంటన్నర తర్వాత విజయ ఒక్కతే ముందుగా వచ్చి కిటికీ దగ్గర వంగింది.

“పోయిన చూపు రాదంట అక్కా. ఇంజెక్షన్లు ఆపకుండా వచ్చుంటే నిలిచేదంట. ఇప్పుడు ఆ కాస్త వెలుతురన్నా ఉండాలంటే నెలనెలా రావాలంట.”

ఆ మాట పక్కన కూర్చుని వినాల్సిన పెళ్ళాం కార్ల మధ్య కూర్చుని విన్నది. గట్టిగా ఏడవడానికి కూడా వీల్లేదు, ఆయన వచ్చేస్తున్నాడు.

ఇంటికి చేరాక, విజయ ఆయన్ను మెల్లగా దించేలోపు, హుస్సేన్‌బీ పక్క సందులోంచి పరుగెత్తి ఇంటి వెనక తలుపున దూరింది. ముందు తలుపు తీసి “వచ్చినారా?” అంది, రొప్పు బిగబట్టుకుని.

విజయ వెళ్ళిపోయింది. ఆయన తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత అన్నాడు.

“ఆ బండి మనదే గదూ.”

ఆమె తాళంచెవిని పిడికిట్లో దాచుకుంది.

“తలుపు చప్పుడు తెలీదా నాకు? ఆ సీటు కిర్రుమనేది తెలీదా? దాన్ని రెండేండ్లు నడిపినోణ్ణి.”

తెలిసిపోయింది! చెప్పేద్దాం. తిడితే తిట్టనీ, ఇక దాచేదేముంది? తాళంచెవి ఆమె పిడికిట్లోనే ఉంది. చెయ్యి ముందుకు చాపింది కూడా.

“చెప్పకుండానే అమ్మేస్తివే ఆ డ్రైవరుకు,” అన్నాడు చాంద్ బాషా.

చాపిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆయనకు అది కనిపించలేదు.

“కోపం లేదులే. ఇంట్లో నడిపేటోడు లేకపాయె. పనితెలిసినోని చేతిలో పడింది, అంతే చాలు.” ఆ పనికిరాని కళ్ళలోంచి నీళ్ళు కారాయి. “అమ్మినావు గదూ?”

హుస్సేన్‌బీ తాళంచెవిని కొంగులో ముడేసుకుంది.

“ఊఁ. అమ్మేసినా.”

“వచ్చే నెల కూడా ఆయప్పనే రమ్మని చెప్పు.”

“చెప్తాలే,” అంది.