మా వదిన తెరిచి ఉంచిన డిస్కు

మా వదిన పోయిందన్న కబురు నాకు ఫ్యాక్టరీ సైకిలు స్టాండులో ఉండగా వచ్చింది. అన్నయ్య ఫోనులో ఎక్కువ మాట్లాడలేదు. "మీ వదిన లెగలేదురా. నువ్వు బేగి రా" అన్నాడు, అంతే. పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ టీ పెట్టవలసిన మనిషి నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. గోల్‌మురి నుంచి అన్నయ్యా వాళ్ళుండే బాగ్‌బేరా చేరేదాకా సైకిలును నేను తొక్కానో, అదే నన్ను మోసిందో నాకు గుర్తు లేదు.

సమాధి దగ్గర వాక్యం చెప్పమని నన్నే నిలబెట్టారు. నన్ను ఎరిగినవాళ్ళు గొడుగులు బయటికి తీసి, నీడ వెతుక్కోసాగారు. నేను నోరు తెరిస్తే ఎండ ఈ పక్క నుంచి ఆ పక్కకు తిరగవలసిందేనని వాళ్ళ అనుభవం. ఆ రోజు గొడుగులన్నీ పూర్తిగా విప్పకముందే ముగించేశాను. సంఘ పెద్ద ఒకాయన నా భుజం పట్టుకుని, "ఏటి, ఒంట్లో బాగోలేదేటి?" అని అడిగాడు. ఒంట్లో బాగానే ఉంది. మాటను కత్తిరించుకోవడం నాకు నేర్పిన మనిషి ఆ పెట్టెలో పడుకుని ఉంది, అదీ సంగతి.

ప్రియులారా, నేను ఏ వేదాంత కళాశాలలోనూ చదవలేదు. భోజనం సైరను మోగాక లేత్ మిషను పక్కనే గ్రంథం తెరిచి, అర్థం కాని చోట మళ్ళీ మళ్ళీ చదివి నేర్చుకున్నవాణ్ణి. అందుకే కాబోలు నా బోధలో నిప్పు ఎక్కువ, అదుపు తక్కువ. పలాస నుంచి కోడలిగా వచ్చిన మా వదిన పదో తరగతితో ఆగిన మనిషి. కానీ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ రైల్వే క్వార్టర్లో నాకు అన్నం వడ్డిస్తూ, పొద్దున నేను చెప్పినదాన్ని మెతుకు మెతుకూ ఏరేది.

"నువ్వు సెప్పిన అధ్యాయం తప్పు మరిదీ. ఐదన్నావు, అది ఆరు."

"ఆత్మావేశంలో వచ్చేసింది వదినా."

"అరిసినంత మాత్రాన ఆరు ఐదైపోద్దేటి? పులుసు ఏసుకో."

వాళ్ళింట్లో కంప్యూటరు మీద వదిన చేత్తో అల్లిన తెల్లని లేసు గుడ్డ ఉండేది. చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని దాని ముందు కూర్చునేది. డిస్కులను పాత చీర ముక్కల మధ్య అప్పడాల్లా పరిచి స్టీలు డబ్బాలో దాచేది. పక్కన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి. అది ఎందుకంటారా? కంప్యూటరు తెర మీద ఏదైనా ప్రశ్న వస్తే మనలాంటివాళ్ళం ఏం చేస్తాం? చదవకుండా 'ఓకే' నొక్కేస్తాం. వదిన అలా కాదు. ప్రశ్న వచ్చే ఆ గళ్ళలో ఏం రాసి ఉన్నా, చీమల బారులా ఎంత పొడుగున్నా, మాట మాటా చదివి, తెలియనిది నిఘంటువులో చూసి, అప్పుడే నొక్కేది.

"అది ఏటడుగుతున్నాదో తెల్సుకోకండా ఔనంటామేటి?" అనేది. "మీ అన్నయ్య గూడ్సు గార్డు. సిగ్నలు సూడకండా జెండా ఊపుతాడేటి?"

ఈ అలవాటు విలువ నాకు తెలిసివచ్చిన కథ ఒకటి చెప్పాలి.

ఈ హిందీ ఊళ్ళో మా తెలుగు విశ్వాసుల సహవాసంలో పాట ఎత్తుకునే పెద్దమ్మ ఒకావిడ గోల్‌మురిలో ఉండేది. ఏటా మా మూడు రోజుల సభల్లో మొదటి పాట ఆవిడదే. ఆవిడ గొంతు ఎత్తితే తప్ప ఇంకెవరూ ఎత్తరు. అది మాకు ఎవరూ రాసిపెట్టని నియమం. ఆ ఏడు సభలకు ముందు ఆవిడ నీళ్ళ గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనుకు వెల్లూరు తీసుకెళ్ళాలన్నారు. సభలు ముగిశాక వారం రోజులకు, సోమవారం పొద్దున రైలు బండి. ఎముక కదలకుండా కాలికి ఇటుకలు వేలాడదీసుకుని మంచం మీద పడుకున్న పెద్దమ్మ, కొడుకుతో తెగేసి చెప్పింది.

"నాను లేకండా సబలు ఎలగయినాయో సూడాలి. సూడకండా ఆ బండెక్కను. కొయ్యాలంటే ఇక్కడే కొయ్యమను."

"అమ్మా, జిద్ మత్ కరో, మొండిపట్టు వద్దు" అని కొడుకు బతిమాలాడు.

"జిద్దో గిద్దో నాకు తెల్దు. మల్లా వత్తానో రానో. నా మనుసుల్ని సూసుకునే ఎల్తాను."

సభలను మావాళ్ళలో ఒక సోదరుడు వీడియో తీశాడు. పెద్దమ్మ ఇంట్లో టీవీ కింద డీవీడీ ప్లేయరు ఉంది. ఇక కావలసింది డిస్కు. "ఆదివారానికి నాను తెత్తాను పెద్దమ్మా" అని వదిన మాటిచ్చేసింది. అప్పటికి ఆవిడ కంప్యూటరుకు డీవీడీలు రాసే డ్రైవు బిగించి వారమైనా కాలేదు.

మొదటి చిక్కు, అసలు చూడటం. కంప్యూటరులో ఉన్న సాఫ్ట్‌వేరులో నా ప్రసంగం వినిపించింది గానీ బొమ్మ రాలేదు. నల్లటి తెర, లోపల నా గర్జన.

"ఇలగే బాగున్నాది, ఒగ్గేద్దామేటి?" అంది వదిన.

ఖాళీ డిస్కుల కోసం ఇద్దరం జుగ్సలాయి బజారుకు వెళ్ళాం. కొట్టువాడు డిస్కులతో పాటు మార్కరుతో ఏదో గిలికిన ఇంకో సీడీ చేతిలో పెట్టాడు. "యే లీజియే భాభీజీ. చూడ్డం, రాయడం, సబ్ ఇసీమే, అన్నీ ఇందులోనే. అందరూ ఇదే వాడతారు" అన్నాడు. ఇంటికొచ్చి పెడితే, వాడేవాళ్ళు ఒప్పుకోవలసిన షరతుల ఒప్పందం తెర మీదికి వచ్చింది. వదిన నిఘంటువు తెరిచింది. నేను పళ్ళెంలో బఠాణీలు వలిచి, అవన్నీ తినేసి, తొక్కలు పారబోసి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి ఉంది.

"కొన్నోడు ఒక్కడే వాడుకోవాలంట. ఒప్పుకున్నానని నొక్కమంతన్నాది. ఇది ఎవుడు కొన్నాడు మరిదీ?"

నేను ఊరుకుంటానా! గ్రంథం చంకలోనే ఉంది. "వదినా, ఇది దేవుని పని. ఆకలేసినప్పుడు రాజు కాబోయే ఆయనంతటి వాడు గుడిలోని రొట్టె తినలేదా? అవసరానికి తప్పు లేదు" అని ఉరిమాను.

వదిన తల కూడా తిప్పలేదు. "తిన్నాడు. అడిగి తిన్నాడు. యాజకుడు ఇత్తే తిన్నాడు. ఇది ఎవుర్ని అడిగినాం?"

ప్రియులారా, ఎన్నో వేదికలెక్కాను, ఎందరితోనో వాదించాను. ఆ మాట విన్నాక మాత్రం గ్రంథం తెరిచి ఆ అధ్యాయం మళ్ళీ చదువుకున్నాను. "పెద్దమ్మకి దొంగ సరుకుతో రాసిన వాక్యం సూపించమంతావేటి?" అంటూ ఆ సీడీని తీసి తుడిచి, తిరిగి ఇవ్వడానికి సంచిలో పెట్టింది.

తర్వాత ఇంటర్నెట్ కొట్టుకు వెళ్ళి, కొన్నాళ్ళు వాడి చూడమని కంపెనీవాళ్ళే ఇచ్చే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చాం. దాని ఒప్పందం చదివి, "ఇది ఫరవాలేదు" అంది. బొమ్మ వచ్చింది, రంగులు వచ్చాయి. కానీ కొనని వాళ్ళకు శిక్షగా బొమ్మ మధ్యలో అడ్డంగా ఆ కంపెనీ ముద్ర. సరిగ్గా నా నుదుటి మీద! ఆ సాయంత్రం నేను చెబుతున్నదేమో అంత్యదినాల్లో నుదుట వేసే ముద్ర గురించి. వద్దు వద్దు ఆ ముద్ర వేయించుకోవద్దు అని తెర మీద నేను చేతులు విసురుతూ ఉంటే, వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అన్నయ్య టోపీ కూడా తీయకుండా గుమ్మంలోనే చతికిలబడి నవ్వాడు.

చివరికి కంప్యూటరు పత్రికతో వచ్చే సీడీలో ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటి దొరికింది. చూడటానికి ముస్తాబు లేదు, పని నిదానం. దాని ఒప్పందం చదువుతూ చదువుతూ వదిన ముఖం వెలిగిపోయింది. "ఎవురైనా వాడుకోండి, ఎవురికైనా ఇవ్వండి అంతన్నారు మరిదీ! ఊరికే పుచ్చుకున్నది ఊరికే ఇవ్వాలని నువ్వు అరుత్తావు కదా. ఈల్లు అరవకండా సేసినారు." ఆ గురువారం కూడికలో ఆవిడ ప్రార్థన నాకింకా చెవుల్లో ఉంది. "తండ్రీ, ఆ ప్రోగ్రాం రాసినోల్లని దీవించు. ఆల్లది ఏ దేశమో మాకు తెల్దు, నీకు తెల్సు." ఆమెన్ అన్నవాళ్ళకు సగం మందికి విషయం తెలియదు.

ఇక అసలు యుద్ధం. డిస్కులో ఎంత పడుతుందో చూపే గీత ఒకటి తెర అడుగున ఉంటుంది. మూడు రోజుల సభలు పెట్టేసరికి అది ఎర్రబడింది. కుదించి పెడితే బొమ్మ అలుక్కుపోతుంది. పెద్దమ్మ చూపు అసలే అంతంత మాత్రం.

"పాటలు కొన్ని తీసెయ్" అన్నాను.

"నీ ప్రసంగం తీసెత్తాను."

"వాక్యం లేకుండా సభలా!"

"వాక్యం పెద్దమ్మకి నోటికొచ్చు. మనుసుల్ని సూడాలంతన్నాది. అయినా దేవుడే ఏడో దినాన ఆపీసినాడు, నువ్వెందుకు ఆపవు? అపొస్తలుడు అంతసేపు మాట్లాడితే కిటికీలో కూకున్నోడు నిద్రపోయి కింద పడిపోనాడు. పెద్దమ్మ మల్లా పడితే ఎలగ?"

కోపం వచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాను. రైల్వే యార్డులో గూడ్సు పెట్టెలు గుద్దుకుంటున్న చప్పుడు వింటూ నిలబడ్డాను. వదిన బయటికి రాలేదు, పిలవలేదు. నేను లోపలికి వెళ్ళేసరికి పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. "ఏది ఉంచాలో నువ్వే ఎంచుకో. ఒక్క ముక్క" అంది. మూడు సాయంత్రాల నా గర్జనలు నేనే కూర్చుని విన్నాను. విని, పెద్దమ్మ ఆపరేషను కోసం చివరి రోజు నేను చేసిన ప్రార్థన ఒక్కటే ఉంచమన్నాను. "అదే అనుకున్నాను" అని మాత్రం అంది.

ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ గదిలో మంచం చుట్టూ జనం. వదిన డిస్కు పెట్టింది. ప్లేయరు గిర్రున తిరిగి, డిస్కు లేదంది. తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. లేదంది. పెద్దమ్మ కొడుకు గోడ గడియారం చూసి, కట్టిపెట్టిన సామాను వంక చూశాడు. నేను ముందుకెళ్ళి, ప్లేయరు మీద చెయ్యి వేసి, గట్టిగా గద్దించాను.

"మరిదీ, అందులో దెయ్యం లేదు. ఆగు" అంది వదిన. కళ్ళు మూసుకుని, డిస్కు రాసేటప్పుడు నొక్కినవన్నీ ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అప్పుడు ఆవిడ ముఖం వాడిపోయింది. "తప్పు నాదే. స్కూటరు తియ్యి, బాగ్‌బేరా ఎల్లొద్దాం."

పెద్దమ్మ కొడుకు స్కూటరు తీసుకుని నేను నడుపుతుంటే, వదిన వెనక నుంచి చెప్పింది. డిస్కు రాయబోయే ముందు సాఫ్ట్‌వేరు ఒక ప్రశ్న అడిగిందట: తర్వాత ఇంకేమైనా చేర్చేది ఉందా, తెరిచి ఉంచనా, మూసేయనా అని. ప్రతి మాటా చదివే మనిషి ఆ మాటలూ చదివింది. చదివే, తెరిచి ఉంచమని నొక్కింది. మూయని డిస్కును టీవీ కింది ప్లేయర్లు చదవలేవని ఆ గడిలో రాసి లేదు.

"వచ్చే ఏడు పెద్దమ్మ పాడినాక, అదీ ఇందులోనే కలుపుదామనుకున్నాను."

"చోటేది వదినా? చోటు లేదనే కదా నన్ను కోసేశావు!"

"నీ ప్రసంగానికి లేదు. పెద్దమ్మ పాటకి కొంచెం ఉంచినాను."

నవ్వబోయి, ఆవిడ గొంతులో బెంగ విని స్కూటరు వేగం పెంచాను.

కంప్యూటరు ముందు కూర్చుని, 'మూసేయి' అన్న మాట మీద బాణం గుర్తు పెట్టి, నొక్కలేక చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది నొక్కితే, ఇంక వచ్చే ఏడు లేదన్నట్టున్నాది మరిదీ."

నా నోటికి ఆ క్షణంలో దేవుడే మాట అందించాడని నమ్ముతాను. "వదినా, జలప్రళయంలో ఓడ తలుపు మూసింది ఎవరు? దేవుడే కదా. లోపల ఉన్నవాళ్ళ పని అయిపోయిందని మూశాడా, వాళ్ళని దాటించడానికి మూశాడా?"

వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇన్నాల్టికి సరైన అధ్యాయం పట్టుకున్నావు" అని నొక్కింది.

మేము తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ మెలకువగానే ఉంది. ఈసారి ప్లేయరు ఒప్పుకుంది. తెర మీద మా హాలు, చాపలు, జనం. ఎవరెవరు వచ్చారో పెద్దమ్మ వేలితో చూపిస్తూ పోల్చుకుంది. "ఈడు ఇంత లావెక్కినాడేటి! ఓలమ్మ, ఆ పిల్ల సీర కట్టినాది!" అంతలో ఆరాధన మొదలవ్వాలి. తెర మీద తబలా సిద్ధంగా ఉంది, అందరూ నిలబడ్డారు. పాట లేదు. ఎవరూ ఎత్తుకోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ముందు వరసలో ఖాళీగా ఉన్న పెద్దమ్మ చోటు వంక చూస్తూ ఆగిపోయారు. నా ప్రసంగాన్ని ముక్క చేసిన వదిన, ఆ మౌనంలో రవ్వంత కూడా కోయలేదు.

మంచం మీద పెద్దమ్మ పోల్చుకోవడం ఆపేసింది. "నా కోసం సూత్తన్నారు" అంది మెల్లగా. గొంతు సవరించుకుంది. కాలికి వేలాడే ఇటుకలు కదిలేలా ఊపిరి పీల్చి, పాట ఎత్తుకుంది. మొదటి చరణం సగంలో తెర మీది ఆడవాళ్ళు అందుకున్నారు, ఆవిడే ఎత్తి ఇచ్చినట్టు, ఎప్పుడూ జరిగేది అలాగే జరిగినట్టు.

పెద్దమ్మ మర్నాడు బండెక్కింది. ఆపరేషను చేయించుకుని, చేతికర్రతో నడిచి వచ్చింది. దేవునికి స్తోత్రం. అయినా నా కళ్ళ ముందు నిలిచిపోయింది ఆ గదే. గోడ వారన అందరూ గొంతు కలుపుతున్నారు. టీవీ పక్కన మా వదిన ఒక్కతే పాడటం లేదు. రిమోటును రెండు చేతులతో గుండెల దగ్గర పట్టుకుని, పొరపాటున వేలు ఏ మీటకూ తగలకుండా వేళ్ళన్నీ పైకెత్తి, తెర వైపు వీపు పెట్టి, పెద్దమ్మ నోటి వంకే చూస్తూ నిలబడి ఉంది.