మ్యాట్నీకి ఇద్దరం

స్కూలు ఉద్యోగం నుంచి నేను రిటైరైంది ఎనభైల మొదట్లో. మా ఆయన అంతకు రెండేళ్ల ముందే పోయారు. నూజివీడులో మా వీధికి ఈ చివర మా పెంకుటిల్లు, ఆ చివర మామిడితోట. తోట కంచెనానుకుని నాలుగైదు తాటాకు ఇళ్లు ఉండేవి. ఉద్యోగం చేసినన్నాళ్లూ మధ్యాహ్నం ఇంత పొడుగుంటుందని నాకు తెలియదు. ఒంటిగంటకి అన్నం తిని కంచం కడిగేస్తే, సాయంత్రం కుళాయి వచ్చేదాకా ఇంట్లో ఏ చప్పుడూ ఉండేది కాదు. అందుకే మ్యాట్నీలకు వెళ్లడం మొదలుపెట్టాను. ఈ వయసులో టీచరుగారికి సినిమాలేంటని వీధిలో అనుకున్నారు. నా చెవిదాకా వచ్చింది గానీ పట్టించుకోలేదు.

ఒకరోజు గొడుగు వేసుకుని నడుస్తుంటే వెనక నుంచి ఒకామె వచ్చి కలిసింది. తాటాకు ఇళ్లలో ఉండే మనిషి, ఇంచుమించు నా ఈడుది. సీజనులో కాయల షెడ్డులో పనిచేసేది. మామిడికాయలు ఏరి, వరిగడ్డి పరిచి బుట్టల్లో సర్దే పని. సొన పడి పడి ఆమె వేళ్ల నిండా నల్లటి మచ్చలుండేవి.

"సినిమాకేనాండీ టీచరుగారూ?"

"అవును. నువ్వూ అక్కడికేనా?"

"ఆఁ. వానలు పడ్డాయిగా, పన్లేదండీ. కొత్త బొమ్మ ఏశారంట."

అలా మొదలైంది. బొమ్మ మారినప్పుడల్లా ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. హాల్లోకి వెళ్లాక మాత్రం నేను కుర్చీకి, ఆమె బెంచీకి. ఇంటర్వెల్లో బయట కలుసుకుని శనక్కాయలు తింటూ అప్పటిదాకా జరిగిన కథ మాట్లాడుకునేవాళ్లం. కొన్నాళ్లకు నేను కూడా బెంచీ టికెట్టే తీసుకోవడం మొదలుపెట్టాను. "మీకు నడుం నొప్పెడతదండీ" అంది. నొప్పి పెట్టింది కూడా. అయినా మళ్లీ కుర్చీకి వెళ్లలేదు. నేను ఆమెను నువ్వు అనేదాన్ని, ఆమె నన్ను మీరు అనేది. అది చివరిదాకా మారలేదు. మార్చుకోవచ్చన్న ఊహ కూడా నాకు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

రెండో ఏడో మూడో ఏడో, సినిమా మధ్యలో ఆమె ప్రశ్నలు ఎక్కువయ్యాయి. ఇప్పుడొచ్చిందెవరండీ? తలుపు తీసింది తల్లేనా? మొదట విసుక్కున్నాను. "ఎదురుగా కనిపిస్తుంటే అడుగుతావేంటి?" అన్నాను ఒకసారి. ఆ రోజు ఇంటర్వెల్లో సోడా అందిస్తే ఆమె చెయ్యి సీసా పక్కనుంచి గాల్లోకి పోయింది. అప్పుడు అర్థమైంది.

ఇంటికి నడుస్తూ అడిగితే చెప్పింది. ఆ ఏడు సీజనులో మచ్చకాయల్ని మంచి బుట్టలో వేస్తోందని షెడ్డువాళ్లు ఏరే పని నుంచి తీసేసి గడ్డి పరిచే పనిలో పెట్టారట. "గడ్డికి కళ్లెందుకులెండి" అంది.

ఆమెను బెజవాడ తీసుకెళ్లాను. డాక్టరు చాలాసేపు చూశాడు. కంటి లోపలి నరం ఎండిపోయిందనీ, ఆపరేషన్ చేసినా చూపు తిరిగి రాదనీ చెప్పాడు. చూపు ఉన్నన్నాళ్లు ఉంటుందన్నాడు. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. ఆగిరిపల్లి దాటాక ఆమే మాట్లాడింది.

"శుక్రవారం బొమ్మ మారుద్దంటండీ."

"వెళ్దాం" అన్నాను.

అప్పట్నుంచి నేను చెప్పడం, ఆమె వినడం. ముప్పై ఏళ్లు క్లాసులో గొంతు చించుకున్నదాన్ని, చెవిలో మెల్లగా చెప్పడం నేర్చుకోవలసి వచ్చింది. మాటలూ పాటలూ ఆమెకు వినిపించేవి. కథ నాకన్నా ముందే పట్టేసేది. ఆమెకు కావలసింది మొహాలు. "కోపంగా చూస్తన్నాడా, ఊరికే చూస్తన్నాడా?" అని అడిగేది. ఇల్లెలా ఉంది, గుమ్మానికి పసుపు రాశారా, ఆ పిల్ల ఏం చీర కట్టింది. ఆమె అడగబట్టి నేనూ అవన్నీ చూడటం మొదలుపెట్టాను.

ఈలోగా వీధి మారిపోతూ వచ్చింది. ఎదురింటివాళ్లు పెంకులు దించి శ్లాబు వేశారు. దాని మీద టీవీ యాంటెన్నా లేచింది. ఏడాది తిరిగేసరికి వీధిలో అలాంటివి నాలుగైదు. నేనూ ఒక టీవీ కొన్నాను. ఆదివారం సినిమాకు ఆమెను పిలిస్తే వచ్చి, కుర్చీ వేసినా వద్దని గడప పక్కన కూర్చుంది. వీధిలో పిల్లలూ పెద్దలూ చేరి గది నిండిపోయింది. నేను చెవిలో చెప్పబోతే ఎవరో "కాస్త విననివ్వండి టీచరుగారూ" అన్నారు. నా ఇంట్లో నేనే నోరు మూసుకున్నాను. ఆమె సగంలో లేచి వెళ్లిపోయింది. మర్నాడు నేను నొచ్చుకుంటుంటే, "టీవీలో మనుషులు జానెడుంటారంటగా. మీక్కూడా సరిగా కనపడరు, ఇంక నాకేం చెప్తారు" అని నవ్వేసింది.

కాబట్టి మాకు హాలే గతి. మ్యాట్నీకి జనం తగ్గిపోయారు. ఒక్కోసారి ఆడవాళ్ల వైపు పదిమంది కూడా ఉండేవారు కాదు.

ఆ రోజుల్లోనే ఒక సినిమాలో చిన్నపిల్లకు జ్వరం వస్తుంది. నా పక్కన కూర్చున్న ఆమెకు ఒక్కతే కూతురు, పన్నెండేళ్లప్పుడు జ్వరంతోనే పోయింది. ఆ మాట ఒకే ఒక్కసారి, ఆసుపత్రి ముందు నుంచి నడుస్తున్నప్పుడు చెప్పింది. తెర మీద పిల్ల తల వాల్చేసింది. తల్లి ఆ తలను ఒళ్లోకి తీసుకుంది. నేను చెప్పడం ఆపేశాను.

"ఏవైందండీ?"

"కళ్లు తెరిచింది" అన్నాను. "లేచి కూర్చుంది. తల్లి మంచినీళ్లు తాగిస్తోంది."

హాల్లో ఏడుపులు వినిపిస్తూనే ఉన్నాయి. ముందు బెంచీలో ఒకావిడ వెనక్కి తిరిగి నా వంక వింతగా చూసింది. ఆమె మాత్రం ఇంకేమీ అడగలేదు. ఆట అయ్యాక నా చెయ్యి పట్టుకుని మామూలుగానే ఇంటికి నడిచింది. నమ్మిందనే అనుకున్నాను.

తర్వాతి ఏడు తోట అమ్ముడుపోయింది. పూత మీదున్న చెట్లను కొట్టేసి ఇళ్ల స్థలాలకు రాళ్లు పాతారు. తాటాకు ఇళ్లు ఖాళీ చేయమన్నారు. ఆమె తమ్ముడు వచ్చి ముసునూరు తీసుకెళ్లాడు. బస్టాండుకు నేనూ వెళ్లాను. ఒక ట్రంకుపెట్టె, రెండు మూటలు. బస్సెక్కించాక, ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నేనున్న వైపు కాకుండా మరో వైపు ఊపింది. నేను అటు వెళ్లి నిలబడ్డాను.

ఆమె వెళ్లిన కొన్నాళ్లకు హాల్లో ఆటలు ఆగిపోయాయి. బెంచీలు తీసేసి ఎరువుల బస్తాలు వేశారు.

ముసునూరుకు రెండుసార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లేటప్పటికి ఆమెకు వెలుతురూ చీకటీ కూడా తెలియడం లేదు. వసారాలో చాప మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎన్నాళ్లనుంచో లోపల నలుగుతున్నది ఆ రోజు చెప్పేశాను.

"ఆ జ్వరం పిల్ల సినిమా గుర్తుందా? నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసండీ" అంది. "హాలంతా ఏడుస్తంటే తెలీదా?"

"మరి అడగలేదేంటి?"

ఆమె చాప పుల్లలు తడుముతూ చెప్పింది. "మా పిల్ల పోయినప్పుడు నాకెవరూ అబద్ధం చెప్పలేదండీ. పోయిందని మొహాన చెప్పేశారు. మీరలా చెప్తా ఉంటే, కాసేపు నిజంగానే మా పిల్ల నీళ్లు తాగినట్టనిపించింది. అందుకే ఊరుకున్నా."

ఆమె తమ్ముడి భార్య వచ్చి బస్సు వేళైందని చెప్పింది.

ఆమె పోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా, సంతకు వచ్చిన ముసునూరు మనిషి ద్వారా తెలిసింది. అప్పటికి దినం కూడా అయిపోయింది. అయినా వెళ్లాను. వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. నిద్రలోనే పోయిందనీ, పెద్దగా బాధపడలేదనీ తమ్ముడు చెప్పాడు. అది నిజమో, నా కోసం అన్నాడో నేను అడగలేదు. మూడు గంటల బస్సుకు తిరిగి వచ్చేశాను.