ఏటి లోటండీ అది?

భావనారాయణ మాస్టారికి ‘తీరని లోటు’ అన్న మాట పడదు. కొందరికి వంకాయ పడనట్టే, వింటే చాలు ఒళ్లంతా దురద పుడుతుంది. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఏ ప్రముఖులు పోయినా సంతాపసభ పెడతారు. ఏ సభ పెట్టినా మాస్టారు పిలవకుండానే వస్తారు. వక్త నోట ఆ మాట పడగానే చివరి వరసలోంచి ఒక వేలు లేస్తుంది.

“ఏటి లోటండీ అది?”

ఆమదాలవలసలో ఒక సినిమా హాస్యనటుడి సంతాపసభలో వక్త పాపం ఓపిగ్గానే చెప్పాడు. “తీరదండీ మాస్టారూ. అందుకే తీరనిదన్నాం.”

“పోయిన నెల గాయకుడు పోయినప్పుడూ అదే అన్నారు. అది తీరిందా?”

“అదీ తీరలేదండీ.”

“అంతకుముందు మంత్రిగారిది?”

వక్త కాస్త ఆలోచించాడు. “అది తీరిపోయినట్టే ఉందండీ. ఆయన బావమరిది వచ్చాడు కదా.”

సభ గొల్లుమంది. పోయిన హాస్యనటుడు బతికుండగా కూడా ఆ ఊళ్లో అంత నవ్వు పుట్టించలేదు.

ఇంట్లో ఆయన భార్య పద్మకుమారి తిప్పలు వేరు. టీవీలో ఎవరి ఫొటోకైనా దండ కనబడితే టీవీ కట్టేసి, రిమోట్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచేస్తుంది. “ఎవరో పోనారని ఈయనకి తెలిస్తే ఇస్త్రీ పంచె కావాలంటాడు. పోయినోళ్లింట్లో కంటే మా ఇంట్లోనే హడావిడి ఎక్కువ” అంటుంది పొరుగువాళ్లతో.

ఈ సభలన్నీ నడిపించేది గురుప్రసాద్. కళల మీద ప్రేమ, మైకు మీద అంతకు రెట్టింపు ప్రేమ. మాస్టారి నోరు కట్టాలంటే అధ్యక్షుణ్ణి చెయ్యడమే మార్గమని ఒకసారి ఆయన్ని వేదిక మీద కూర్చోబెట్టి, ప్రసంగం కూడా తనే రాసిచ్చాడు. మాస్టారు బుద్ధిగా చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. “ఏటి లోటండీ అది?” అని తనను తనే అడిగారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కూర్చున్నారు. సభ అంతటితో సరి.

అందుకే విజయనగరంలో తన తల్లి సంతాపసభకు మాస్టారు వస్తున్నారని విన్నప్పుడు దుర్గాభవాని గుండె జారిపోయింది. తల్లి ప్రసూనాంబ పేరున్న హరికథకురాలు. ఆవిడ గజ్జెకట్టి నిలబడితే పక్కూరి జనం కూడా బళ్లు కట్టుకుని వచ్చేవారు. దుర్గాభవాని ఆర్టీసీ బస్సు కండక్టరు. గొంతు తల్లిదే వచ్చింది. శ్రుతి మాత్రం రాలేదు. చిన్నప్పుడు పాట నేర్పబోయి ప్రసూనాంబే రెండు చేతులూ ఎత్తేసి, “నీకు బస్సే మేలే అమ్మా” అని నవ్వేసింది. కూతురికి ఆ మాటే ఆశీర్వచనం.

సభలో వక్తలు ఒకరి తర్వాత ఒకరు లేచి ‘తీరని లోటు’ అనే అన్నారు. మాస్టారు విచిత్రంగా వేలెత్తలేదు. ఒంట్లో బాగులేదేమోనని దుర్గాభవానికి ఊరట కలిగింది. ఆ ఊరట గురుప్రసాద్ మైకు పట్టుకునేదాకానే.

“ప్రసూనాంబగారు లేని లోటు తీరనిది. కానీ దాన్ని తీర్చవలసిన వ్యక్తి మన ముందే ఉన్నారు! దుర్గాభవానిగారు ఉద్యోగం వదిలి, వచ్చే నెల ఇదే వేదిక మీద తొలి హరికథ చెబుతారు!”

చప్పట్లు. పళ్లెంలో తల్లి చిడతలు పెట్టి ఆమె చేతికిచ్చారు. తనను ఎవరూ ఒక్కమాట అడగలేదు. దండేసిన తల్లి ఫొటో ముందు నిలబడి, ఇంతమంది ఎదుట, కాదని ఎలా అంటుంది? పళ్లెం పట్టుకునే నిలబడిపోయింది.

అప్పుడు లేచింది వేలు.

గురుప్రసాద్ ముందే దండం పెట్టేశాడు. “ఏ లోటని మాత్రం అడక్కండి మాస్టారూ.”

“అడగను. తీరనిదన్నావా, లేదా?”

“అన్నాను.”

“నీకంటే ముందు మాటాడినోళ్లు?”

“అందరూ అన్నారు.”

“మరి తీరనిదాన్ని ఈ పిల్ల ఎలాగ తీరుస్తాది? తీర్చిందంటే మీరంతా అబద్ధం ఆడినట్టు. తీర్చకపోతే తప్పు పిల్లదంటారు. ఏది కావాలో తేల్చి సెప్పు, అందరం ఇంటికెళ్లాలి.”

జీవితంలో మొదటిసారి మైకు గురుప్రసాద్‌కి బరువనిపించింది.

మాస్టారు ఆమె వైపు తిరిగారు. “అమ్మా, నీకు కథ సెప్పాలని ఉన్నాదా?”

“నేదు మాస్టారూ! నాకు నా బస్సే కావాల!”

మైకు లేకుండా అన్నా ఆ మాట ఆఖరి వరస దాటి వీధిలోకి వెళ్లింది. ఒక్క క్షణం అందరూ ఫొటో వైపు చూశారు. అచ్చం ప్రసూనాంబ గొంతే. ముసలాయనొకడు ముందుగా చప్పట్లు కొట్టాడు, తర్వాత హాలంతా కొట్టింది. దుర్గాభవాని పళ్లెం బల్ల మీద పెట్టేసి, చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

బయట టీ బండి దగ్గర ఆయన్ని పట్టుకుంది. “సభంతా ఊరుకుని నా దగ్గరే లేచారేటి మాస్టారూ?”

“అందరూ వేదికని సూస్తారు. నేను ముందు వరసని సూస్తాను. ఆ మాట అన్న ప్రతిసారీ, ఆ లోటు తన నెత్తినే పడ్డట్టు, ముందు వరసలో ఒకరి నడుం వంగుతాది. కొడుకో, కూతురో, శిష్యుడో. మాట కాస్త ఆపితే ఆళ్లు సర్దుకుని కూసుంటారు. ఇయ్యాళ నువ్వు వంగలేదు. పైగా మీ అమ్మ కూతురివి కదా, నీ అంతట నువ్వే లేస్తావేమోనని ఆగేను. పళ్లెం సేతిలో పడ్డాక నువ్వూ వంగేవు, అప్పుడు లేచేను.”

“అందరూ మిమ్మల్ని పిచ్చాయనంటారు, తెలుసా?”

“పిచ్చోడి మీద ఎవరూ బరువులు పెట్టరమ్మా. సుఖం.”

దుర్గాభవాని పకపకా నవ్వింది. “పోనీ, మీరు పోయినప్పుడు మమ్మల్ని ఏమనమంటారు?”

మాస్టారు టీ గ్లాసు ఊదుకుంటూ ఆలోచించారు. “సీటు ఖాళీ అయ్యింది, కూసోండి అని సెప్పు. ఎవరో ఒకరు కూసుంటారు.”

“మీలాటోరు ఇంకొకరెక్కితే బస్సు తిన్నగా డిపోకి తోలించేస్తాను మాస్టారూ!”

“తోలించు. డిపోలో కూడా టీ దొరుకుతాది కదా” అన్నారాయన.