రాణి కట్టిన కిరీటం

చింతపండు పులుపు ఇత్తడికి తగిలి లేచే వాసన వస్తే చాలు, నా చేతులు ఆగిపోతాయి. ఈ పొద్దున దీపపు కుందులు తోముతూ కూడా అలాగే ఆగిపోయాను. తోమడమంటే నాకు భయం. కారణం మా సోషల్ మాస్టారు యాకూబ్ సార్, ఆయన తెచ్చిన ఒక కిరీటం.

దంతాలపల్లి బడిలో పాత వస్తువుల ప్రదర్శన కోసం సార్ ఊరూరా తిరిగారు. ఒక దొరగారి గడిలో, ఆ పాత బంగళా అటక మీద దొరికిన ఇత్తడి కిరీటానికి చీటీ కట్టి ఉంది: "రాణి కట్టిన కిరీటం." ఏ రాణిదో కనుక్కోవాలని సార్ నెలంతా తంటాలు పడ్డారు. పదో తరగతి పిల్లను, నాకేం తెలుసు? రాణిగారి సొమ్ము మాసి ఉండటమేమిటని చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను. లోపల పచ్చగా అంటుకున్నదాన్ని కూడా వదిలిపోయేదాకా రుద్దాను, నా బుద్ధి మండ.

మర్నాడు పెద్దవంగర నుంచి లచ్చవ్వ వచ్చింది. ఆమె తల్లి భాగవతాల మేళంలో వేషాలు కట్టేదట.

"రాణి కట్టింది మా అవ్వనే సారూ. గడిల ఆట ఆడినంక దొర గుంజుకున్నడు. ఆనవాలు సూపిస్తే తీస్కపొమ్మన్నరు గడోళ్లు. లోపల సూడుండ్రి, మా అవ్వ నొసటి అర్దళం ఉంటది."

అర్దళమంటే వేషగాళ్లు ముఖానికి పూసుకునే పసుపు రంగు. కట్టడమంటే వాళ్ల మాటల్లో వేషం వేయడం. చీటీ అర్థమే మారిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

"నేనే కడిగిన సార్. పచ్చగుండె."

"పసుపు పచ్చనా, ఆకుపచ్చనా బిడ్డా?" అన్నారు సార్. పసుపైతే అర్దళం, ఆకుపచ్చయితే ఇత్తడికి పట్టిన చిలుము. ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. ఈనాటికీ రాలేదు.

"గిప్పుడు అది మా అవ్వదా, కాదా?"

"నాకు తెల్వదవ్వా. తెల్వంది తెల్సినట్టు రాయలేను. నీ మాట మాత్రం నువ్వు చెప్పినట్టే రాస్త."

కొత్త చీటీ మీద అలాగే రాశారు కూడా. కింద ఇంకో వాక్యం చేర్చారు: "లోపలి ఆనవాలు మా చేతుల్లోనే పోయింది." నా పేరు రాస్తారనుకున్నాను. "మా" అని రాశారు. జనగామలో ఇప్పుడు నేనూ సోషలే చెబుతున్నాను. పిల్లల ముందు "నాకు తెలియదు" అనడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

కిరీటం గడికి తిరిగి వెళ్లేముందు లచ్చవ్వ దాన్ని తలకు పెట్టుకుంది. "సూడు సారూ, ఎట్ల సరిపోయిందో, మా అవ్వదే" అంది. సార్ తల ఊపారు. నేను నోరు విప్పలేదు.

తోమిన రోజు ఎవరూ చూడకుండా నేనూ పెట్టుకున్నాను. నాకూ సరిపోయింది.