అవ్వ విప్పని ముడి

కోడుమూరులో నాకు గుడ్డలు ముడివేసి రంగద్దడం నేర్పిన అవ్వ, ఏ ముడి వేసినా దాన్ని పెదవులకు ఆనించి ఏదో గొణిగేది. ఏమిటని అడిగితే, "నీ పుస్తకంలో లేదా అప్పా?" అని నవ్వేది. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి ఏడెనిమిదేళ్లయింది. గ్రంథాలయం నుంచి అద్దకం పుస్తకం తెచ్చి ఆమెకే చదివి వినిపించినవాణ్ణి నేను.

కొత్తవాళ్లకు ఆమె నాలుగు మడతలు, మధ్యన ఒక ముడి నేర్పేది. కొంచెం పని పట్టుబడ్డాక కుచ్చిళ్ల మడత. బాగా చేయి తిరిగితేనే జొన్నముడి. గుడ్డలో జొన్నగింజ పెట్టి చుట్టూ దారం బిగిస్తే, రంగు తాకని చోట తెల్లటి చుక్క పడుతుంది.

ఒక మధ్యాహ్నం అవ్వ నీళ్లకు పోయినప్పుడు, దూలానికి వేలాడే ఎర్ర పైగుడ్డకు ఒక్క జొన్నముడి మిగిలి ఉండడం చూశాను. ఆరాక ముడి విప్పాలని పుస్తకంలో ఉంది. విప్పేశాను. లోపల గింజ తడిగా ఉంది. మొలకెత్తింది.

అవ్వ బిందెతో వాకిట్లోనే ఆగిపోయింది.

"అది మా ఇంటాయనది. పన్నెండేండ్ల కింద ఎర్రగుంట్లకు బండల పనికి పోయి రాలే. మనిషి దూరం పోతే మేం ఒగ ముడి విప్పం. అది ఉన్నన్నాళ్లు యాడో బతికుంటాడు."

"పన్నెండేండ్ల గింజ మొలవదవ్వా. నేను చదివినా."

"మొలిచింది గదప్పా. అంటే ఇంతసేపూ ఉండినాడు."

నన్ను తిట్టలేదు. గడపలో కూర్చుని గాజులు ఒక్కొక్కటే తీసి నా ముందు పెట్టింది.