అరసోల నెయ్యి

నా చిన్నప్పుడు నేను చూసి ఓర్వలేని మనిషి ఒకత్తె ఉండేది. మా పక్కింటి పిల్ల, నా ఈడుదే. ఇద్దరం ఒకే బడికి వెళ్ళేవాళ్ళం. మాది చీరాలకు దగ్గర్లో పత్తి, మిరప పండే ఊరు. మా నాన్న దూదేకేవాడు. విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్ళి, అరుగుల మీద కూర్చుని పత్తి ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి వచ్చేవాడు. అమ్మ మిరపకాయల కోతకు కూలికి వెళ్ళేది. ఇంట్లో వంట మా నాయనమ్మది. పక్కింటివాళ్ళకు పొలం, రెండు గేదెలు, పెంకుటిల్లు ఉండేవి. వాళ్ళు నీచు ముట్టేవాళ్ళు కారు.

మధ్యాహ్నం బడి అరుగు మీద ఆ పిల్ల డబ్బా మూత తీస్తే పప్పన్నం కనిపించేది. దాని మధ్యలో చిన్న గుంట, ఆ గుంట నిండా నెయ్యి. పక్కన ఏదో ఒక వేపుడు. నా గిన్నెలో ఎప్పుడూ ఎండు మెత్తళ్ళ పులుసే. సముద్రపొడ్డున ఉన్న వాడరేవు నుంచి గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళకు మా నాయనమ్మ ఒక చిన్న బొంత ఇచ్చి, నెలకు సరిపడా ఎండుచేపలు తీసుకునేది. నా గిన్నె వాసన ఆ పిల్లకు పడదేమోనని నేనే ఎడంగా కూర్చునేదాన్ని. తను ఎన్నడూ దూరం జరగమనలేదు. అలా అనకపోవడం కూడా నాకు కోపంగానే ఉండేది.

ఒకరోజు మా మేష్టారు పాఠం మధ్యలో ఒక మాట అన్నారు. కూరగాయలతో తినేవాళ్ళకు ఖర్చు తక్కువ, చేపలూ మాంసమూ తినేవాళ్ళ సంపాదన అంతా నోటికే పోతుంది అని. నాకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. పక్కింటివాళ్ళు పప్పు తిని మిగుల్చుకున్నారు, అందుకే వాళ్ళది పెంకుటిల్లు. మేము చేపలు తిని పోగొట్టుకున్నాం, అందుకే మాది పూరిల్లు.

సాయంత్రం మా నాన్న అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ మాటే అనేశాను. "నువ్వు చేపలు మానేసుంటే మనకూ పెంకుటిల్లు ఉండేది" అన్నాను. ఆయన నోటి దాకా తెచ్చిన ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

నాయనమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. ఆవిడ కొట్టలేదు. తెల్లారాక కొంగుముడి విప్పి, రూపాయి పావలా నా అరచేతిలో పెట్టింది. "వారం రోజులు ఈ ఇంట్లో నీచు వండను. బియ్యం సంగతి నేను చూసుకుంటా. వారమంతా కూరకు ఇదే డబ్బు, ఏం కొంటావో నీ ఇష్టం. నువ్వేం తెస్తే అదే వండుతా" అంది.

ఆ డబ్బు పట్టుకుని నేను మొదట వెళ్ళింది పక్కింటికే. వాళ్ళు నెయ్యి అమ్మేవాళ్ళు. పక్కింటత్త అరసోల కొలిచి గిన్నెలో పోస్తూ, చుట్టాలెవరన్నా వచ్చారా అని అడిగింది. లేదు, ఇకనుంచి మేమూ మీలాగే తింటాం అని గొప్పగా చెప్పాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "మేం రోజూ తింటున్నామా ఏంటే? ఇదంతా అమ్మే నెయ్యి. పిల్ల నెయ్యి లేందే ముద్ద ముట్టదు, అందుకని దాని ఒక్కదాని డబ్బాలోనే వేస్తా" అంది. డబ్బు తీసుకుని, కొలత మీద ఇంకో చెంచా పోసింది. నా చేతిలో ఉన్నదాంట్లో సగానికి పైగా అక్కడే అయిపోయింది. అయినా నేను ధర గురించి బాధపడలేదు. ఇంట్లోవాళ్ళు మానుకుని పెడితే తినే ఆ పిల్ల అదృష్టం చూసి కుళ్ళుకుంటూ ఇంటికి వచ్చాను.

మిగిలిన డబ్బుకు కందిపప్పు, రెండు వంకాయలు వచ్చాయి. మొదటి రోజు పండగలా గడిచింది. మా తమ్ముడు కంచం నాకాడు. నాన్న బాగుందన్నాడు. రెండో రోజు పప్పులో నీళ్ళు ఎక్కువయ్యాయి. మూడో రోజుకు నెయ్యి గిన్నె అడుగంటింది. ఆ తర్వాత పొలం గట్ల మీద కోసుకొచ్చిన తోటకూర, పండుమిరప పచ్చడి, పల్చటి మజ్జిగ. అయిదుగురికీ అదే. తమ్ముడు చేపల కోసం ఏడ్చాడు. నాయనమ్మ నోరు విప్పలేదు, కొంగుముడీ విప్పలేదు.

ఆరో రోజు బడి లేదు. మా నాన్నకు అన్నం తీసుకెళ్ళాను. ఊరి చివర ఒక పెద్ద రైతు ఇంటి అరుగు మీద పత్తి ఏకుతున్నాడు. నేను వెళ్ళేసరికి విల్లు పక్కన పెట్టి గోడకు ఆనుకుని ఉన్నాడు. మీసాల నిండా దూది. పచ్చడన్నంతో మూడు రోజులు ఆ బరువైన విల్లు ఆడించిన మనిషి ఎలా ఉంటాడో అప్పుడు చూశాను. లోపల వంటింట్లో వెన్న కాస్తున్నారు. ఆ కమ్మటి వాసన అరుగంతా కమ్ముకుంది.

నాకు ఏడుపొచ్చింది. "రేపట్నుంచి చేపలే వండమంటాలే నాన్నా, నాది తప్పు" అన్నాను.

ఆయన నా చేతిలోని గిన్నె అందుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "తప్పేముందమ్మా. నాక్కూడా పప్పూ నెయ్యే ఇష్టం. పాతికేళ్ళనుంచి ఇట్టాంటి అరుగుల మీదే గదా నా పని. ఈ వాసన వచ్చినప్పుడల్లా నోరూరుద్ది. నోరు మూసుకుని పని చేసుకుంటా. ఇంటికొచ్చి మీ నాయనమ్మ పెట్టింది తింటా" అన్నాడు. అని, ఆ పచ్చడన్నం మెతుకు మిగల్చకుండా తిని మళ్ళీ విల్లు అందుకున్నాడు.

ఆ రోజు దాకా పక్కింటి గిన్నెలోకి చూసేది ఇంట్లో నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. నేను పుట్టకముందునుంచీ ఆయన చూస్తున్నాడు. మాకు తెలియనివ్వలేదు, అంతే.

పెద్దయ్యాక నా వంటింట్లో రెండు రకాల కూరలూ వండాను. ఏది చవక అని ఎవరైనా అడిగితే, మీ ఇంట్లో గేదె ఉందా, మీ ఊరికి సముద్రం ఎంత దూరం అని అడిగి గానీ చెప్పను. అసూయ నన్ను వదిలిపోయిందని మాత్రం అనలేను. ఈ వయసులో కూడా ఎవరికో ఏదో ఉంటే చూసి మనసు చివుక్కుమంటుంది. అలా అనిపించినప్పుడు ఒకసారి తల తిప్పి నా ఇంట్లోవాళ్ళ ముఖాలు చూస్తాను. నాకంటే ముందు దాన్నే కోరుకుని, నోరెత్తకుండా ఊరుకున్నవాళ్ళు వీళ్ళలో ఎవరా అని.