తుగ్యాని వస్తుందని నాన్న సైకిలు గాలి తీసేశాను

మా చిన్నప్పుడు... అశోక్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి వెనక ఖాళీ జాగాలో తోలుబొమ్మలాట. పొద్దుగూకకముందే చాపలు పరుచుకుని కూర్చున్నాం. అమ్మ పొయ్యి ఆర్పిందో లేదోనని నేను రెండుసార్లు లేచి చూసొచ్చాను. ఎనిమిదేళ్ళ పిల్లకి అంత దిగులెందుకో... ఇప్పటికీ అంతే. ఇది రాస్తూ రాస్తూ ఇందాకే వెళ్ళి గ్యాసు చూసొచ్చాను.

ఆ రోజు ఆడింది ఎప్పుడూ ఆడే రాజుల కథ కాదు. మాకు ఇల్లు కిరాయికిచ్చిన నర్సమ్మవ్వ, మా మూసీ కథ ఆడితేనే జాగా ఇస్తానని పట్టుబట్టింది. పాపం ఆటగాడి దగ్గర దానికి బొమ్మలెక్కడివి? ఉన్నవాటితోనే కానిచ్చాడు. కిరీటం రాజుకి కాగితం టోపీ అంటించి నవాబుని చేశాడు. చెట్టు బొమ్మ మీద కోతుల్ని వరసగా కూర్చోబెట్టి, చింతచెట్టెక్కి బతికిన జనం వీళ్ళేనన్నాడు. మేమంతా పడీపడీ నవ్వాం.

అవ్వ మాత్రం నవ్వలేదు.

'తుగ్యాని వచ్చె... ఊరినెత్తుకపోయె...' అని ఆటగాడు పాడుతుంటే అతని భార్య తెర కింద నుంచి నీలం చీర ఊపింది. నేను మెడ సాచి చూస్తున్నాను, ఆ తుగ్యాని ఎప్పుడొస్తుందా అని.

ఎందుకంటే తుగ్యాని ఒక ఆడమనిషి అనుకున్నాను నేను. మేం కోస్తా నుంచి వచ్చి ఏడాదే, ఉర్దూ ముక్క రాదు. అవ్వ వాన పడినప్పుడల్లా అరుగు మీద కూర్చుని "తుగ్యాని వచ్చింది, మా అక్కను తీస్కపోయింది" అనేది. ఎవరో రాక్షసి... జుట్టు విరబోసుకుని నయాపూల్ వంతెన కింద ఉంటుంది, వానొస్తే లేస్తుంది... ఇలా నా బుర్రలో నేనే కథ అల్లుకున్నాను.

ఆట అయిపోయింది. ఆవిడ బొమ్మ మాత్రం రాలేదు. రాకపోయేసరికి భయం ఇంకా పెరిగింది. కనిపిస్తే ఇలా ఉంటుందని తెలుస్తుంది కదా... కనిపించనిదానికి ఎక్కడని కాపలా కాస్తాం?

తెల్లారి వాన. నాన్న ఆఫీసు మూసీకి అవతల. రోజూ సైకిలు మీద ఆ పూల్ దాటే వెళ్ళాలి. నాన్న అన్నం తింటుండగా నేను మెల్లగా బయటికెళ్ళి, వెనక చక్రం గాలి తీసేసి, గాలి ఆపే చిన్న రబ్బరు గొట్టం బావిలో వేసేశాను.

నాన్న వచ్చి చూసి నెత్తి పట్టుకున్నారు. అప్పటికే ఆలస్యం. నడిచి పోతానని గొడుగు తీశారు. నేను కాళ్ళు చుట్టేసుకున్నాను.

"పూల్ దాటకు నాన్నా. అక్కడ తుగ్యాని ఉంటుంది. నిన్ను తీసుకుపోతుంది."

నాన్న అమ్మ వైపు చూశారు. "ఎవరే ఈ తుగ్యాని?"

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. "నన్నడుగుతారేం? మీ ఆఫీసు దారిలో ఉండే ఆవిడ సంగతి మీకే తెలియాలి."

నాన్న మొహం చూడాలి... అమ్మ ఏడుపు మొదలుపెట్టేదే, అంతలో అరుగు మీద అవ్వ పకపకా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఏందమ్మా, సార్‌ని పరేషాన్ చేస్తున్నవ్? తుగ్యాని అంటే మనిషి గాదు. వరద. మూసీకి వచ్చిన వరద."

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం ఎంతకీ ఆగలేదు. నన్ను దగ్గరికి తీసుకుంది.

"నేను గూడ నీ లెక్కనే అనుకునేదాన్ని బిడ్డా. నీ అంతే ఉన్న అప్పుడు. మా అక్క చెయ్యి నా చేతుల్నుంచే పోయింది. నీళ్ళను ఏమని తిడ్తం? మనిషైతే తిట్టొచ్చు."

నాన్న నా తల నిమిరారు. గొడుగు వేసుకుని నడిచి వెళ్ళారు. వరదంటే ఏమిటో తెలిసినా నాకు కాపలా మానబుద్ధి కాలేదు. గేటు దగ్గర నిలబడ్డాను. అవ్వ లోపలికి పొమ్మనలేదు. చాప తెచ్చి గేటు పక్కనే, చూరు కింద కూర్చుంది. మధ్యాహ్నం అక్కడే చెరో ముద్ద తిన్నాం. సాయంత్రం సందు మలుపులో నల్ల గొడుగు కనిపించాక, "వచ్చిండు, పో" అని అప్పుడు లేచింది, మోకాళ్ళు పట్టుకుని.

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను చిక్కడపల్లిలో ఒక హాలుకి తీసుకెళ్ళింది. మన ఊరి పాత కథలన్నీ వేషాలు కట్టి, బొమ్మలతో ఆడుతున్నారట. పిల్లలు చక్కగా చేశారు, వంక పెట్టక్కర్లేదు. షేర్వానీలు, అంటించిన మీసాలు, మనిషెత్తు బొమ్మలు... మూసీ వచ్చింది, చింతచెట్టు వచ్చింది. చెట్టు మీద కోతులు కాదు, మనుషులే ఉన్నారు.

నేను కుర్చీ అంచున కూర్చుని చూస్తున్నాను... ఆ మాట ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని. మైకులో 'ఫ్లడ్స్' అన్నారు. చప్పట్లు కొట్టారు. అయిపోయింది.

మా మనవరాలు వంగి చూసింది. "ఏం వెతుకుతున్నావ్ అమ్మమ్మా, చెప్పులు పోయినయా?"

"ఒకావిడ రావాల్సింది. రాలేదు" అన్నాను.

అప్పుడు తెర మీద బొమ్మ లేకపోయినా ఊరందరి నోటా పేరుండేది. ఇప్పుడన్ని బొమ్మలుండి ఆ పేరు పలికేవాళ్ళు లేరు... అవ్వ వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో. ఆమె అక్క పేరేమిటో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అది మనసులో దొలుస్తుంటుంది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరైనా తుగ్యాని అనేవాళ్ళా? మీకు ఏం చెప్పేవాళ్ళు? రాయండి, నిదానంగా చదువుకుంటాను. నాకు చదువు తక్కువ, తప్పులుంటే ఏమనుకోకండి.

మబ్బు పట్టింది. మనవరాలు నారాయణగూడ నుంచి ఇంకా రాలేదు, ఫోనూ ఎత్తడం లేదు. గేటు దగ్గరికి కుర్చీ వేసుకుంటాను...